వ్యాన్‌లో ఇల్లు: ప్యానెళ్లు బిగించకముందు తేల్చుకోవాల్సినవి

సరకుల వ్యాన్ కొని, సొంతంగా క్యాంపర్‌వ్యాన్‌గా మార్చుకునేవారి ప్రశ్నలకు ఈసారి జవాబులు. మంచం డిజైను, వంటగట్టు రంగు గురించి అడిగినవాళ్లే ఎక్కువ. మేం మాత్రం ప్యానెల్ వెనక దాక్కునేవాటికే ఎక్కువ చోటిచ్చాం. మంచం నచ్చకపోతే నాలుగు బోల్టులు విప్పి మార్చుకోవచ్చు. గోడలో చెమ్మ చేరినా, సన్న వైరు పడినా బండి మొత్తం విప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: ఎత్తు పైకప్పు ఉన్న పాత సరకుల వ్యాన్ కొన్నాను. వెనక అంతా ఖాళీ. 18 మి.మీ. ప్లైవుడ్ షీట్లు పది తెచ్చిపెట్టుకున్నాను. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కాటా దగ్గర. రంపం పట్టకముందే ఖాళీ బండిని వేబ్రిడ్జి ఎక్కించి, ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా తూకం తీసుకోండి. డ్రైవర్ తలుపు దగ్గరో, బానెట్ కిందో ఉండే ప్లేటు మీద బండి మొత్తం బరువు ఎంత మించకూడదో, ఒక్కో ఇరుసు మీద ఎంత మించకూడదో చెక్కి ఉంటుంది. అందులోంచి కాటా అంకె తీసేయండి. మిగిలినదే మీ బడ్జెట్టు. చెక్క, బ్యాటరీ, నీళ్లు, మనుషులు, బట్టలు అన్నీ అందులోనే ఇమడాలి.

ఇక మీ పది షీట్లు. 2440 × 1220 మి.మీ. బర్చ్ ప్లై 18 మి.మీ. మందంలో ఒక్కోటి దాదాపు 36 కిలోలు. పదీ కలిపి 360 కిలోలు, అంటే ఐదుగురు పెద్దవాళ్ల బరువు. అదే షీటు 9 మి.మీ. అయితే 18 కిలోలే. గోడలకూ కప్పుకూ 4 నుంచి 6 మి.మీ. చాలు. అల్మరాలకు 9 గానీ 12 గానీ సరిపోతుంది. 18 మి.మీ. వంటగట్టు పైపలకకు తప్ప ఇంకెక్కడా పెద్దగా అక్కరలేదు. వీలుంటే ఎనిమిది షీట్లు వెనక్కిచ్చేసి సన్నవి తెచ్చుకోండి. పాప్లార్ వంటి తేలిక చెక్క ప్లై దొరికితే ఇంకో నాలుగోవంతు బరువు తగ్గుతుంది. కాకపోతే అది మెత్తన, స్క్రూలు అంత గట్టిగా పట్టవు.

మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా ఇరుసు పరిమితి దాటిపోవడం మామూలుగా జరిగే తప్పు. వెనక తలుపుల దగ్గర నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, పనిముట్ల పెట్టె అన్నీ కుక్కితే వెనక ఇరుసు మీద భారం పడి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. బరువైనవి రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కింద పెట్టాలి. ఎడమ కుడి కూడా చూసుకోండి. వంటగట్టు, ఫ్రిజ్, ట్యాంకు మూడూ ఒకే పక్కకు చేరితే బండి ఆ పక్కకు వాలుతుంది. వాలిందని స్ప్రింగులు మార్చేకంటే ట్యాంకు అవతలి పక్కకు మార్చడం తేలిక.

తర్వాత వరస ఇది: తుప్పు బాగు చేయడం, కప్పుకూ గోడలకూ పెట్టాల్సిన రంధ్రాలన్నీ కోసేయడం, నీళ్లు కొట్టి కారుతుందేమో చూడడం, వైర్లకు పైపులు వేయడం, ఇన్సులేషన్ (వేడి, చలి ఆపే పొర), నేల, గోడల ప్యానెళ్లు, ఆఖరున సామాను. నీళ్ల పరీక్ష పది నిమిషాల్లో ముగించకండి. సన్నటి కారుపు అరగంట తర్వాతగానీ బయటపడదు. మధ్యలో ఒక మంచి వాన పడితే మరీ మేలు.

ఇంకొక మాట. వ్యాన్ లోపల తిన్నని గోడ అంటూ ఉండదు. బండి నిలిచిన చోటును బట్టి నీటిమట్టం (స్పిరిట్ లెవెల్) కూడా అబద్ధం చెబుతుంది. అందుకే కొలతలు రాసుకుని చెక్క కోస్తే చెక్క వృథా. అట్టముక్కను గోడకు ఆనించి, వంపు గీసి, కోసి, పెట్టి చూసి, సరిపోయాకే ఆ అట్టను చెక్క మీద పెట్టి గీయండి. సామాను నిలువు కొలతలు బండి లోపలి నేల నుంచి తీసుకోండి, బయటి భూమి నుంచి కాదు.

ప్రశ్న: పైకప్పు ఫ్యానుకు రేకు కోయాలంటే చేయి ఆడడం లేదు. కోసింది తుప్పు పడుతుందా? సిలికాన్ పూస్తే సరిపోతుందా?

జవాబు: సిలికాన్ వద్దు. పుల్లటి వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రేకును తింటుంది. పైగా ఒకసారి సిలికాన్ అంటిన చోట రంగుగానీ మరో సీలెంటుగానీ మళ్లీ పట్టదు. ఫ్రేమ్ కింద బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ), అంచుల మీద పాలీయురేథేన్ సీలెంటు వాడండి.

ఫ్యాన్లలో ఎక్కువ భాగం 356 లేదా 400 మి.మీ. చతురస్రపు రంధ్రం అడుగుతాయి. మీ ఫ్యాను కాగితంలో ఏముందో అదే ఖాయం చేసుకోండి. కప్పు మీద గీతలకు బయటి వైపు మాస్కింగ్ టేపు అంటించండి, జిగ్‌సా కింది పలక రంగును గీరకుండా ఉంటుంది. నాలుగు మూలల్లో 10 మి.మీ. రంధ్రాలు వేసి, లోహం కోసే బ్లేడుతో కోయండి. మూడు పక్కలు కోశాక, కోసిన ముక్క వేలాడి బ్లేడును బిగించకుండా లోపలి నుంచి ఒకరు పట్టుకోవాలి, లేదా టేపు వేసి ఆపాలి.

తుప్పు వచ్చేది కోసిన అంచు నుంచి మాత్రమే కాదు, రాలిన ఇనుప రజను నుంచి కూడా. కప్పు గాళ్లలో, తలుపు అంచుల్లో, నేల మీది సందుల్లో రజను పడి, రాత్రి మంచు తగిలితే తెల్లారేసరికి అక్కడ గోధుమ చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు రంగును కొరుక్కుంటూ కిందికి పోతాయి. కోసే చోటు కింద పాత దుప్పటిని నాలుగు వైపులా టేపుతో వేలాడదీయండి. అయ్యాక వాక్యూమ్ చేసి, అయస్కాంతం తిప్పండి. అంచును ఆకురాయితో నునుపు చేసి, తుప్పు నిరోధక ప్రైమర్ రెండు పూతలు, పైన రంగు వేసి, పూర్తిగా ఆరాకే ఫ్రేమ్ పెట్టండి. కప్పు రేకుకు ఉబ్బెత్తు గీతలు ఉంటే ఫ్రేమ్ కింద ఖాళీలు మిగులుతాయి. వాటిని సీలెంటుతో నింపే ప్రయత్నం ఎక్కువ కాలం నిలవదు. ఆ బండి కప్పుకు సరిపోయే అడాప్టర్ ఫ్రేమ్ కొనండి.

ప్రశ్న: మేం ఇద్దరం పడుకుంటే పొద్దున్నకు గోడలు తడిసి ఉంటున్నాయి, పరుపు కింద బూజు పట్టింది. రాక్‌వూల్ (రాతి పీచు) నింపి, పైన ప్లాస్టిక్ షీటు వేశాం. ఇంకా మందంగా నింపాలా?

జవాబు: మందం సమస్య కాదు. నిద్రపోయే మనిషి ఊపిరితో, చెమటతో రాత్రంతా పావు లీటరుకు పైగా నీటిని గాలిలోకి వదులుతాడు. ఇద్దరంటే అర లీటరు దాటుతుంది. గ్యాస్ పొయ్యి కూడా నీళ్లే చేస్తుంది: 1 కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీరు ఆవిరిగా వస్తుంది. ఈ ఆవిరి చల్లబడ్డ రేకును తాకగానే, ఐసునీళ్ల గ్లాసుకు బయట చెమట పట్టినట్టు, నీరై దిగుతుంది. ప్లాస్టిక్ షీటు దాన్ని ఆపుతుందని మీరు అనుకున్నారు. ఇంటి గోడలో ఆపుతుందేమోగానీ వ్యాన్‌లో ఆ షీటుకు వందల స్క్రూ రంధ్రాలు పడతాయి. ఆవిరి లోపలికి దూరుతుంది, తిరిగి బయటికి రాలేదు. మీ రాక్‌వూల్ ఇప్పటికే తడిసి బరువెక్కి కిందికి జారి ఉంటుంది. ఒక ప్యానెల్ విప్పి పైభాగంలో చేయి పెట్టి చూడండి, ఖాళీ తగులుతుంది.

వ్యాన్ గోడకు నీరు పీల్చని, మూసుకున్న గడులున్న ఫోమ్ కావాలి. రబ్బరు లాంటి మెత్తటి క్లోజ్డ్ సెల్ ఫోమ్ 20 మి.మీ. మందంలో తీసుకుని, రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో గాలి బుడగ మిగలకుండా నేరుగా అతికించండి. ఆవిరికి చల్లటి రేకు అందకపోవడమే ఇక్కడ కిటుకు. గోడ రేకును నిలబెట్టే ఇనుప పక్కటెముకల సంగతి మర్చిపోకండి. ఇనుము వేడిని ఈ ఫోమ్ కంటే వెయ్యి రెట్లకు పైగా సులువుగా ప్రసరింపజేస్తుంది. గోడంతా కప్పి పక్కటెముకలు వదిలేస్తే తడి అంతా వాటి మీదే పేరుకుంటుంది. వాటి మీద 6 మి.మీ. ఫోమ్ పట్టీ అయినా పడాలి.

నేలకు ఎక్స్‌పీఎస్ (పాలీస్టైరీన్ ఫోమ్) బోర్డు మంచిది. గట్టిది, కాలు కింద నలగదు. దాన్ని వంపు తిరిగిన గోడకు మాత్రం వాడకండి, వెనక ఖాళీ మిగిలిపోతుంది. డబ్బా నుంచి కొట్టే ఉబ్బే ఫోమ్‌తో రెండు ప్రమాదాలు. ఎక్కువ కొడితే బయటి రేకునే ఉబ్బిస్తుంది, ఆ ఉబ్బు మళ్లీ తగ్గదు. గొట్టాల్లాంటి పక్కటెముకల్లో నింపితే కింద నీరు బయటికి పోయే రంధ్రాలు మూసుకుపోయి, లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఆ గొట్టాల్లో కొట్టాల్సింది ఫోమ్ కాదు, తుప్పు ఆపే మైనం. మెరిసే బబుల్ ఫాయిల్ గురించి కూడా చాలామంది రాశారు. దాని ముందు గాలి ఖాళీ ఉంటేనే అది వేడిని తిప్పికొడుతుంది. రేకుకూ ప్యానెల్‌కూ మధ్య నొక్కేస్తే దాని విలువ దాదాపు సున్నా. ముందు అద్దం మీద తెరలా వాడుకోండి, అక్కడ బాగా పనికొస్తుంది.

జిగురు సంగతి. ఎండలో కప్పు రేకు 70 డిగ్రీలు దాటగలదు. మామూలు కాంటాక్ట్ జిగురు ఆ వేడికి వదిలేసి, ఇన్సులేషన్ ప్యానెల్ మీదికి ఊడిపడుతుంది. కప్పుకు ఎక్కువ వేడి తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నదే వాడండి.

ఇంత చేసినా గాలి ఆడకపోతే తడి తప్పదు. చలిలో కూడా పైకప్పు ఫ్యాను మూత రెండు మూడు సెంటీమీటర్లు తెరిచి, కింద మరోచోట గాలి లోపలికి వచ్చే దారి ఉంచండి. వంట చేసేటప్పుడు ఫ్యాను బయటికి లాగేలా తిరగాలి. పరుపు కింద పూర్తి పలక వద్దు. 60 నుంచి 80 మి.మీ. పట్టీలు 30 మి.మీ. ఎడంతో వేస్తే గాలి తగులుతుంది, బూజు పట్టదు.

ప్రశ్న: ఎంత బ్యాటరీ పెట్టాలి? ఫ్రిజ్, లైట్లు, ఫ్యాను, ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు ఉంటాయి. ఏసీ కూడా పెట్టాలని ఇంట్లో పట్టుబడుతున్నారు.

జవాబు: బ్యాటరీ కొని లెక్క వేయకండి. లెక్క వేసి బ్యాటరీ కొనండి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు దాదాపు 4 ఆంపియర్లు లాగుతుంది. మధ్యస్థ వాతావరణంలో రోజులో నూటికి 40 వంతుల సేపు నడుస్తుందనుకుంటే 38 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణించిన అంకె). ఎండాకాలంలో అదే 55 దాటుతుంది. లైట్లు 5, రాత్రంతా ఫ్యాను 12, నీళ్ల పంపు 1, ఫోన్లు 3, ల్యాప్‌టాప్ 6. అన్నీ కలిపితే రోజుకు 65. ఎండ లేకుండా, బండి కదలకుండా రెండు రోజులు ఉండాలంటే 130.

లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే తొందరగా చస్తుంది. కాబట్టి 130 కావాలంటే 260 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొనాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను నూటికి 80 వంతులు వాడుకోవచ్చు, 160 చాలు. బరువు కూడా సగానికి బాగా తక్కువ. కానీ అది గడ్డకట్టే చలిలో, అంటే 0 డిగ్రీల కింద చార్జింగ్ తట్టుకోదు. ఆ చలిలో చార్జింగ్ ఆపేసే రక్షణ ఉన్న బ్యాటరీయే తీసుకోండి, లేదా బ్యాటరీని ఇన్సులేషన్ లోపలి వైపు, మంచం కింద పెట్టండి.

ఏసీ లెక్క ఇదీ. 1000 వాట్లు లాగే ఏసీని ఇన్వర్టర్ మీద నడిపితే బ్యాటరీ నుంచి దాదాపు 90 ఆంపియర్లు పోతాయి. మీ రోజు మొత్తం వాడకం 65 అనుకున్నాం కదా, అది 45 నిమిషాల్లో ఖతం. ఇండక్షన్ పొయ్యి 1500 వాట్లు అరగంట నడిచినా అంతే. బయట కరెంటు ప్లగ్గు దొరికే చోట ఆగినప్పుడే ఏసీ అని ఇంట్లోవాళ్లను ఒప్పించండి.

వోల్టేజి చూసి లిథియం బ్యాటరీలో ఎంత మిగిలిందో చెప్పలేం. చాలాసేపు ఒకే అంకె దగ్గర నిలిచి, ఆఖరున ఒక్కసారిగా పడిపోతుంది. లోపలికీ బయటికీ పోయిన ఆంపియర్లను లెక్కపెట్టే షంటు మీటరు నెగెటివ్ వైరులో పెట్టండి. బండి నెగెటివ్ సహా అన్ని నెగెటివ్ వైర్లూ షంటుకు అవతలి వైపే కలవాలి. ఒక్కటి నేరుగా బ్యాటరీకి కలిసినా లెక్క తప్పుతుంది.

ప్రశ్న: బ్యాటరీ 13.1 వోల్టులు చూపిస్తోంది, అయినా రాత్రి ఫ్రిజ్ ఆగిపోయి తప్పు సూచన వెలుగుతోంది. బ్యాటరీ వెనక మూలన, ఫ్రిజ్ ముందు సీటు వెనక. వైరు 1 చదరపు మి.మీ. ఫ్రిజ్ కంపెనీవాళ్లు బాగానే ఉందంటున్నారు.

జవాబు: ఫ్రిజ్‌లో లోపం లేకపోవచ్చు, వైరు చూడండి. రాగి వైరులో వోల్టేజి ఎంత పోతుందో తేలిగ్గా కట్టవచ్చు: 0.0175 ను వైరు మొత్తం పొడవుతో (పోను, రాను కలిపి మీటర్లలో), ఆంపియర్లతో గుణించి, వైరు మందం చదరపు మి.మీ.తో భాగించండి. మీ దూరం 6 మీటర్లనుకుంటే రానుపోను 12. ఫ్రిజ్ నిలకడగా నడిచేటప్పుడు 4 ఆంపియర్లకు 0.84 వోల్టులు పోతాయి. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో 10 ఆంపియర్లు లాగితే 2.1 వోల్టులు పోతాయి. అంటే బ్యాటరీ దగ్గర 13.1 ఉన్నా ఫ్రిజ్ దగ్గర 11. మధ్యలో వదులైన ప్లగ్గు ఒకటుంటే ఇంకా తక్కువ. బ్యాటరీ అయిపోతోందని ఫ్రిజ్ భ్రమపడి తనను తాను ఆపుకుంటుంది.

నిర్ధారించుకోవాలంటే మల్టీమీటరును బ్యాటరీ దగ్గర కాదు, ఫ్రిజ్ టెర్మినళ్ల దగ్గర పెట్టి, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు చూడండి. అంకె ఒక్కసారిగా కిందికి జారితే రోగం తెలిసినట్టే. 6 చదరపు మి.మీ. వైరు వేస్తే అదే 10 ఆంపియర్లకు 0.35 వోల్టులే పోతాయి. సిగరెట్ లైటర్ సాకెట్ వాడుతుంటే తీసేసి నేరుగా బిగించండి. ఆగిపోయే వోల్టేజిని తక్కువ, మధ్య, ఎక్కువ అని మార్చుకునే వీలు కొన్ని ఫ్రిజ్‌లలో ఉంటుంది. అది బండి ఇంజన్ బ్యాటరీని కాపాడడానికి పెట్టినది, విడి బ్యాటరీ ఉన్నవాళ్లు తక్కువలో పెట్టుకోవచ్చు. అయినా ముందు వైరు మార్చండి.

వైరు కొనేటప్పుడు రాగి పూత పూసిన అల్యూమినియం అంటగట్టకుండా చూసుకోండి. కొస గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఇంటి గోడల్లో వేసే ఒంటితీగ వైరు కూడా బండికి పనికిరాదు. కుదుపుకు స్క్రూ దగ్గర విరుగుతుంది. సన్నటి తీగలు చాలా ఉన్న మెత్తటి వైరే వాడాలి. కొసలకు లగ్గులు (లోహపు తొడుగులు) నొక్కి బిగించండి, అంటే క్రింపింగ్ చేయండి. టంకం పెడితే ఆ పక్కనే వైరు బిరుసెక్కి కొన్నాళ్లకు తెగుతుంది. రేకులోంచి దాటే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) ఉండాలి.

ఫ్యూజు గురించి అందరికీ ఒక మాట. ఫ్యూజు కాపాడేది ఫ్రిజ్‌ను కాదు, వైరును. 2.5 చదరపు మి.మీ. వైరుకు 30 ఆంపియర్ల ఫ్యూజు పెడితే, షార్టయినప్పుడు ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది. ఆ వైరుకు 20 మించకూడదు. 1.5 వైరుకు 10 చాలు. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజు దాకా ఉన్న వైరుకు ఏ రక్షణా ఉండదు. లిథియం బ్యాటరీ షార్టయితే వేల ఆంపియర్లు దూకుతాయి. మామూలు బ్లేడు ఫ్యూజు తెగినా మధ్యలో నిప్పు ఆరదు. దానికి క్లాస్ టీ రకం ఫ్యూజు పెట్టండి.

ప్రశ్న: సోలార్ 200 వాట్లు పెడితే చాలా? ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పెట్టి చార్జ్ చేసుకోవచ్చా?

జవాబు: కప్పు మీద బల్లపరుపుగా పరిచిన 200 వాట్ల ప్యానెల్, మంచి ఎండ 4 గంటలకు సమానంగా దొరికిన రోజున, నష్టాలు పోను దాదాపు 600 వాట్ అవర్లు ఇస్తుంది. అంటే 47 ఆంపియర్ అవర్లు. పై లెక్కలో రోజుకు 65 కావాలి కాబట్టి చాలదు, 300 వేసుకోండి. ఫ్యాను మూత నీడ పడే చోట ప్యానెల్ పెట్టకండి. ఒక మూల నీడ పడినా ఉత్పత్తి సగం పైగా పోవచ్చు.

రెండు ప్యానెళ్లను సిరీస్‌లో కలిపితే ఒక్కోటి 22 చొప్పున 44 వోల్టులు. చలి పెరిగితే ఈ అంకె పెరుగుతుంది, గడ్డకట్టే చలి ఉదయాన 48 దాకా పోతుంది. ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే కంట్రోలరు 50 వోల్టులది పెడితే అంచున ఉన్నట్టే. 75 వోల్టుల ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి గరిష్ఠ శక్తి రాబట్టే రకం) కంట్రోలరు తీసుకోండి. బిగించేటప్పుడు కంట్రోలరుకు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

రిలే పాత బండికి, లెడ్ యాసిడ్ బ్యాటరీకి సరే. కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ ఇంధనం పొదుపు కోసం మధ్యమధ్యలో వోల్టేజి తగ్గించేస్తుంది, బ్యాటరీ సగంలోనే ఆగిపోతుంది. లిథియం అయితే కథ తిరగబడుతుంది: దాని అంతర్నిరోధం తక్కువ కాబట్టి ఎంత ఇస్తే అంత లాగి, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు తగినంత చల్లబడని ఆల్టర్నేటర్‌ను మాడుస్తుంది. రిలేకు బదులు, ఆల్టర్నేటర్ నుంచి లాగే కరెంటును అదుపులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జరు పెట్టండి. రెండు గంటల ప్రయాణంలో 60 ఆంపియర్ అవర్ల దాకా వస్తుంది.

ప్రశ్న: గ్యాస్ సిలిండర్‌ను వంటగట్టు కింద అల్మరాలో పెట్టవచ్చా?

జవాబు: ఆ అల్మరా లోపలి వైపు గాలి చొరకుండా మూసి, బయటికి మాత్రమే తెరుచుకుంటే పెట్టవచ్చు. మామూలు అల్మరాలో అయితే వద్దు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. గాలిలో నూటికి రెండు వంతులు చేరితే నిప్పురవ్వ చాలు. అందుకే పెట్టె అడుగున బండి కిందికి తెరుచుకునే రంధ్రం, కనీసం 100 చదరపు సెం.మీ. ఉండాలి. ఆ రంధ్రం ఎగ్జాస్ట్ పైపు దగ్గర పడకూడదు, సామానుతో మూసుకుపోకూడదు. సిలిండర్ నిలువుగా, పట్టీతో కట్టి ఉండాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది.

పొయ్యికి మంట ఆరగానే గ్యాస్ ఆగే ఏర్పాటు తప్పనిసరి. రబ్బరు గొట్టం మీద ముద్రించిన తేదీ దాటితే మార్చాలి. ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు పూసి బుడగలు చూడండి. గ్యాస్ అలారం నేల దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో పెట్టాలి. ఈ రెండూ ఒకదాని పని ఒకటి చేయవు. చలి కాచుకోవడానికి పొయ్యి వెలిగించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పైపులు మీరు వేసుకున్నా, ఆఖరి పరీక్ష అర్హత ఉన్న గ్యాస్ పనివాడి చేత చేయించండి. గడ్డకట్టే చలిలో బ్యూటేన్ ఆవిరి కాదు, మంట నీరసిస్తుంది. అలాంటి చోట్లకు ప్రొపేన్ కావాలి.

ప్రశ్న: కుళాయి కట్టేసి ఉన్నా నీళ్ల పంపు నడిరాత్రి ఉండుండి ఒక్కసారి కొట్టి ఆగుతోంది. ఎక్కడా తడి కనిపించడం లేదు. నీళ్లకు వాసన కూడా వస్తోంది.

జవాబు: పంపు తర్వాతి గొట్టంలో ఒత్తిడి పడిపోతోందన్నమాట. పంపు దాటగానే ఒక వాల్వు పెట్టి మూసి చూడండి. అయినా కొడుతుంటే పంపు లోపలి వెనక్కి పోనివ్వని వాల్వులో చెత్త ఇరుక్కుంది. పంపుకు ముందు జాలీ లేకపోతే ఇలాగే అవుతుంది. వాల్వు మూశాక ఆగిపోతే కారుపు అవతల ఉంది. ప్రతి అతుకు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి రాత్రి వదిలేయండి, పొద్దున్న ఏది మెత్తబడితే అదే. కుళాయి సన్నగా తిప్పినప్పుడు పంపు టకటకలాడడం మాత్రం లోపం కాదు, చిన్న అక్యుములేటర్ ట్యాంకు (గొట్టంలో ఒత్తిడి నిలిపే డబ్బా) పెడితే తగ్గుతుంది.

వాసనకు: ట్యాంకు నింపి, లీటరుకు 1 మి.లీ. చొప్పున సువాసన కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ పోయండి. ప్రతి కుళాయీ తిప్పి బ్లీచ్ వాసన వచ్చేదాకా వదలండి. నాలుగు గంటలు ఉంచి, పారబోసి, వాసన పోయేదాకా కడగండి. ట్యాంకు వెలుతురు పడే చోట ఉంటే మళ్లీ పాచి పడుతుంది, కప్పేయండి.

ప్రశ్న: వెనక పిల్లల కోసం ఒక సీటు చేసి, ప్లై నేలకు బెల్టు బిగించవచ్చా?

జవాబు: వద్దు. ఢీకొన్నప్పుడు గురుత్వానికి 20 రెట్లు బలం పడిందనుకుంటే 25 కిలోల పిల్లవాడు బెల్టును 500 కిలోలతో లాగుతాడు. ప్లై, దాని స్క్రూలు నిలవవు. ఆ బండి మోడల్‌కు పరీక్షించి ఆమోదించిన సీటు, దాని సొంత చట్రంతో, బండి చాసిస్‌కు బిగించాలి. అదే లెక్క 13 కిలోల బ్యాటరీకీ వర్తిస్తుంది. దాన్ని కూడా ప్లైకి కాకుండా బండి లోహానికి బోల్టు వేయండి.

ప్రశ్న: వారం పొడవునా సరకులకు, సెలవుల్లో మాత్రమే తిరగడానికి కావాలి. ఏదీ శాశ్వతంగా బిగించకుండా కుదురుతుందా?

జవాబు: భేషుగ్గా కుదురుతుంది. 1951లోనే జర్మనీకి చెందిన వెస్ట్‌ఫాలియా, ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ల కోసం ఎత్తి పెట్టుకుని తీసేసే క్యాంపింగ్ బాక్స్ తెచ్చింది. మీరు మూడు భాగాలుగా చేసుకోండి: మడిచే మంచం పెట్టె, వంట పెట్టె, ఒంటి బ్యాటరీ పెట్టె. ఒక్కోటి ఇద్దరు మోయగలిగేలా 40 కిలోలు మించనివ్వకండి. సరకులు కట్టే కొక్కేలు నేలలో ముందే ఉంటాయి, రాట్చెట్ పట్టీలతో వాటికే బిగించండి. ఇన్సులేషన్, కప్పు ఫ్యాను మాత్రం శాశ్వతంగానే పెట్టండి, అవి సరకులకు అడ్డు రావు.

ప్రశ్న: అంతా అయింది. కానీ రోడ్డెక్కితే లోపల ఒకటే కిర్రు కిర్రు.

జవాబు: చెక్కకు చెక్క, చెక్కకు రేకు రాసుకునే ప్రతి చోటా ఫెల్టు టేపు వేయండి. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టూ మళ్లీ బిగించాలి. ఎక్కడెక్కడ మామూలు నట్టు ఉందో అక్కడ లోపల నైలాన్ ఉన్న నట్టు వేయండి. ఇంకా చప్పుడు తెలియకపోతే ఒకరు నడుపుతుండగా ఇంకొకరు ముందు సీట్లో బెల్టుతో కూర్చుని ఫోను రికార్డరును ఒక్కో ఆపుదలకు ఒక్కో అల్మరాలో పెట్టి వినండి. చాలాసార్లు దోషి వంటగట్టు కాదు, పొయ్యి మీది ఇనుప జాలీ.